లైట్లు ఎన్ని?

పోయిన నెల యూనిట్ టెస్టులు అయిపోయిన రోజు సాయంత్రం మా అబ్బాయి బ్యాగు సోఫాలో పడేసి, "నాన్నా, నేనిప్పుడు స్టార్‌ట్రెక్ చూడొచ్చా?" అని అడిగాడు. వాడు ఆరో తరగతి. మీ పిల్లల్లో ఎవరో ఒకరి పక్కనే కూర్చుంటూ ఉండొచ్చు. నేను "చూడరా" అనేలోపే, సెలవులకి హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "ఏ స్టార్‌ట్రెక్?" అంది.

ఆ ప్రశ్న వెనక మా ఇంట్లో చాలా కథ ఉంది. ఈ పేజీకి ఏదైనా రాసివ్వమని క్లాస్ టీచర్‌గారు అడిగి మూడు నెలలు దాటింది. చదువుల గురించి సలహాలిచ్చే అర్హత నాకు లేదు. నా టెన్త్ మార్కులు మా పిల్లలకి ఇప్పటికీ తెలియవు. అందుకని ఈ కథే చెబుతాను. మీరు స్టార్‌ట్రెక్ ఎప్పుడూ చూడకపోయినా ఫరవాలేదు. మీ చిన్నప్పుడు మీకు ప్రాణంగా ఉండి, ఇప్పుడు కొత్త వేషంలో తిరిగి వచ్చిన సీరియలో, సినిమానో మీకూ ఒకటి ఉండే ఉంటుంది.

తొంభైల మధ్యలో మాది తెనాలి. నాన్నగారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. మా వీధికి కేబుల్ వచ్చిన కొత్త. స్టార్ ప్లస్ అప్పట్లో ఇంగ్లిష్ ఛానలే. అందులో 'స్టార్‌ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' వచ్చేది. 1966లో అమెరికాలో మొదలైన పాత స్టార్‌ట్రెక్‌కి అది కొనసాగింపు. 1987 నుంచి 1994 దాకా ఏడు సీజన్లు, 178 ఎపిసోడ్లు. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడ, దానికి పికార్డ్ అనే బట్టతల కెప్టెన్. తుపాకీ తీసే ముందు మాట్లాడి చూసే మనిషి. ఖాళీ దొరికితే టీ తాగుతూ పుస్తకం చదువుకుంటాడు. మా నాన్నగారికి ఆయన నచ్చడంలో ఆశ్చర్యం లేదు, ఇద్దరికీ చాలా పోలికలుండేవి, జుట్టుతో సహా.

ఆ ఇంగ్లిష్ నాకు అందేది కాదు. నాన్నగారు సగం విని, సగం ఊహించి, పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవారు. కాంతి వేగం, కృష్ణబిలం, న్యూట్రినో లాంటి మాటలు నేను పాఠంలో కన్నా ముందు ఆ మంచం మీదే విన్నాను. (వాళ్ల సైన్సులో సగం బోగస్ అని కూడా ఆయనే చెప్పేవారు.)

ఒక ఎపిసోడ్ మాత్రం జీవితాంతం గుర్తుండిపోయింది. పేరు 'చెయిన్ ఆఫ్ కమాండ్', రెండు భాగాలు. అమెరికాలో 1992 డిసెంబరులో వచ్చింది. పికార్డ్ శత్రువుల చేతికి చిక్కుతాడు. ఒక అధికారి ఆయన్ని చీకటి గదిలో పెట్టి, ఎదురుగా నాలుగు లైట్లు వెలిగించి, ఎన్ని ఉన్నాయని అడుగుతాడు. నాలుగు అంటే బాధ పెడతాడు. ఐదు అంటే వదిలేస్తాడు. అంతే కథ. రక్తం దాదాపు కనబడదు. మధ్యలో ఆ అధికారి కూతురు, చిన్నపిల్ల, ఆ గదిలోకే వస్తుంది. మనుషులకి కూడా అమ్మానాన్నలుంటారా అని అడుగుతుంది. తండ్రి ఆ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దుగా జవాబు చెప్పి పంపేస్తాడు, మళ్లీ పనిలో పడతాడు. ఆ సీన్ దగ్గర నాన్నగారు అనువాదం ఆపేశారు. నేను అడిగినా చెప్పలేదు.

చివరికి విడిపించడానికి మనుషులొస్తారు. లాక్కెళ్తుంటే పికార్డ్ వెనక్కి తిరిగి, ఉన్నవి నాలుగే లైట్లని అరుస్తాడు. నేను మంచం మీద లేచి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

అప్పట్లో కరెంటు పోతే గంటకి తక్కువ పోయేది కాదు. మేం డాబా మీద చాప వేసుకుని పడుకున్నాం. ఆయన చివరిదాకా లొంగలేదు కదా నాన్నా అని నేను అన్నాను. నాన్నగారు ఊఁ అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో అది సామెత అయిపోయింది. నేను ప్రోగ్రెస్ కార్డు దాచినా, తమ్ముడు ట్యూషన్ ఎగ్గొట్టినా, నాన్నగారు కళ్లజోడు పైకి నెట్టి, "లైట్లు ఎన్నిరా?" అనేవారు. అంటే, ఇక నిజం చెప్పు అని. పెళ్లయ్యాక మా ఆవిడకి ఇది అర్థం కావడానికి ఏడాది పట్టింది.

ఇక 2020 జనవరి. నాన్నగారు కంటి శుక్లం ఆపరేషన్ కోసం హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో ఉన్నారు. పాతికేళ్ల తర్వాత పికార్డ్ తిరిగొస్తున్నాడని, ప్రైమ్ వీడియోలో వారానికి ఒక ఎపిసోడ్ చొప్పున వేస్తారని తెలిసి నేను చిన్నపిల్లాడిలా తయారయ్యాను. మా అమ్మాయి అప్పుడు ఏడో తరగతి, పన్నెండేళ్లు. లైట్ల కథ వాళ్ల తాతయ్య దగ్గర వంద సార్లు విన్నది. శుక్రవారం రాత్రి మూడు తరాలం సోఫాలో బారుగా కూర్చున్నాం. చిన్నాడికి ఏడేళ్లు, వాడు నిద్రపోయాడు. స్క్రీన్ మూల వయసు అంకె ఏదో వేసే ఉంటారు. నేను చూడలేదు. పికార్డ్ వస్తుంటే అంకెలెవరు చూస్తారండీ?

కొత్త సిరీస్‌లో పికార్డ్ ముసలివాడు. ఆ వేషం వేసిన పాట్రిక్ స్టీవార్ట్‌కి అప్పటికి 79 ఏళ్లు. కోట్లమంది ప్రాణాపాయంలో ఉంటే వాళ్లని కాపాడే పనిని తన సంస్థే మధ్యలో వదిలేసిందని కోపగించి ఉద్యోగం మానేసి, ఫ్రాన్స్‌లో సొంత ద్రాక్షతోటలో కుక్కని పెట్టుకుని బతుకుతుంటాడు. రెండో ఎపిసోడ్‌లో, ఒక్క ఓడ ఇవ్వండి అని అడగడానికి పాత ఆఫీసుకి వెళ్తాడు. రిసెప్షన్‌లో కుర్రాడు పేరేంటని అడుగుతాడు. లోపల ఒకప్పటి తోటి అధికారి, ఆవిడ అడ్మిరల్, ఎంత పొగరు నీకు అని తిట్టి పంపిస్తుంది. ఆ పొగరుకి ముందు ఒక బూతు చేరుస్తుంది. స్టార్‌ట్రెక్‌లో, పికార్డ్ మొహం మీద, ఆ మాట!

మా అమ్మాయి కిసుక్కున నవ్వి దిండు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను, నాన్నగారి పక్కన. ఆయన కొంచెంసేపు ఆగి, "కాదనడం తప్పు కాదురా. సంస్థ నడిపేవాళ్లు ఒక్కోసారి కాదనాలి. ఆ మాట లేకుండా కూడా కాదనొచ్చు" అన్నారు. ఇంకాసేపటికి, ఎవరితోనో అన్నట్టు, "పింఛను కాగితాల కోసం తిరిగినప్పుడు నన్ను ఎవరూ ఆ మాట అనలేదు. కూర్చోండి మాస్టారూ అని మర్యాదగానే పదకొండు నెలలు తిప్పారు" అన్నారు.

నేను ఆ రాత్రి మొదటి వాక్యమే పట్టుకున్నాను. రెండోది చాలా రోజుల తర్వాత గానీ చెవికెక్కలేదు.

ఐదో ఎపిసోడ్ ఫిబ్రవరి మూడో వారంలో వచ్చింది. నాన్నగారు అప్పటికి ఊరెళ్లిపోయారు, అదొక్కటే అదృష్టం. కంటి ఆపరేషన్ అయిన మనిషి చూడాల్సిన సీన్ కాదది. మొదలవడమే, ఒక యువకుణ్ణి కుర్చీకి కట్టేసి, మత్తు ఇవ్వకుండా, కంట్లోంచి యంత్రభాగం పెరికి తీస్తుంటారు. ఇచెబ్ అని, పాత 'వోయేజర్' సిరీస్‌లో కుర్రాడు. యంత్రాల గుంపు నుంచి విడిపించి, చదువు చెప్పి, మనిషిని చేసిన పిల్లాడు. అతన్ని పెంచిన సెవెన్ అనే ఆమె పరిగెత్తుకొస్తుంది. అప్పటికే ఆలస్యమైంది. అతనే అడిగితే, ఏడుస్తూ, తన చేత్తో అతని బాధ ముగిస్తుంది.

నేను రిమోట్ వెతుక్కునేసరికి సగం అయిపోయింది. టీవీ కట్టేసి, "ఇది నీకు కాదు. ఇక చూడొద్దు" అన్నాను. ఎందుకని అడిగితే, "పెద్దవాళ్లది" అన్నాను. మా అమ్మాయి ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయింది. ఆ తొందరలో ఆమె మొహం వైపు నేను చూడలేదు. అప్పటికే నా ఫోన్‌లో డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి మెసేజ్ కొడుతున్నాను, వీళ్లు మన పికార్డ్‌ని పాడుచేశారని.

ఆ గొడవ మా ఇద్దరిదే కాదు. ఆ నెలల్లో స్టార్‌ట్రెక్ అభిమానులు ప్రపంచమంతా రెండుగా చీలిపోయి కొట్టుకున్నారు. నాలాంటి వాళ్ల వాదన ఇది. ఈ కథ పుట్టిందే ఆశ కోసం. దీన్ని సృష్టించిన జీన్ రాడెన్‌బెరీ, మనిషి ఒకరోజు బాగుపడతాడని నమ్మి రాయించాడు. నెక్స్ట్ జనరేషన్‌లో ఓడ మీద వాళ్లు తమలో తాము కీచులాడుకోకూడదని రచయితలకి నియమం పెట్టాడు. వాళ్లు నెత్తీ నోరూ బాదుకున్నా వదల్లేదు. చీకటి కథలు చెప్పడానికి లక్ష సీరియల్స్ ఉన్నాయి, వెలుగు ఉన్న ఒక్కదాన్నీ ఎందుకు ఆర్పడం?

అటువైపు వాళ్లు మూర్ఖులేం కాదు. కొత్త సిరీస్ మొదటి సీజన్‌ని నడిపించిన మైకేల్ షాబన్ పులిట్జర్ బహుమతి పొందిన నవలాకారుడు. స్టీవార్ట్ కూడా పాతదే మళ్లీ చేయాలంటే ఒప్పుకునేవాడిని కాదని చెప్పాడు. ఈ కథని బ్రెగ్జిట్, ట్రంప్‌ల కాలానికి తన స్పందనగా చూశాడు. మంచి సంస్థలు కూడా భయపడి ముడుచుకుపోయిన రోజుల్లో, మంచివాడైన ముసలాయన ఏం చేస్తాడు? ఆ ప్రశ్నకి ఎంటర్‌ప్రైజ్ కార్పెట్ల మీద నడుస్తూ జవాబు చెప్పడం కుదరదని వాళ్ల మాట.

మా తమ్ముడు ఆ పక్షం. వాడు నాకన్నా ఐదేళ్లు చిన్న, తగువులో పదేళ్లు పెద్ద. "అన్నయ్యా, 1988లోనే 'కాన్‌స్పిరసీ' ఎపిసోడ్‌లో మనిషి తల పేలిపోయింది, మర్చిపోయావా? 1990లో బోర్గ్ పికార్డ్‌ని పట్టుకుని సగం యంత్రం చేసి, ఆయన బుర్రలో ఉన్నదంతా వాడుకుని సొంతవాళ్ల ఓడలు 39 కూల్చింది. తర్వాత వచ్చిన 'ఫ్యామిలీ'లో ఆయన ఊరెళ్లి అన్నయ్యతో బురదలో కలబడి, చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. అది చీకటి కాదా?" అన్నాడు. నేను, "ఆ ఏడుపు మనం నాన్నతో కూర్చుని చూశాంరా. దీన్ని నేను నా కూతురితో కూర్చుని చూడలేకపోయాను. తేడా అదే" అన్నాను. వాడి దగ్గర జవాబు లేదు. నేను గెలిచాననుకున్నాను.

మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. అదే వారం సీజన్ ముగిసింది. ఆఖరి ఎపిసోడ్ నేను ఒక్కణ్ణే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను.

తర్వాత రోజులు మీకూ తెలిసినవే. ఆన్‌లైన్ క్లాసులు, ఇంటికో ట్యాబ్, మ్యూట్‌లో పెట్టి పెసరట్టు తినే పిల్లలు. జూన్‌లో ఒకరోజు బిల్లు కట్టడానికి ట్యాబ్ తీస్తే, మధ్యలో ఆపిన షోల వరసలో పికార్డ్ కనబడ్డాడు. ఐదో ఎపిసోడ్ పూర్తయింది. ఆరు, ఏడు, పది, అన్నీ పూర్తయ్యాయి. నాకు కోపం ఎంత వచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. నేనిచ్చిన ట్యాబ్‌లో, నేను వద్దన్నది!

పిలిచాను. మా నాన్నగారిలాగే కళ్లజోడు పైకి నెట్టి, "లైట్లు ఎన్ని?" అన్నాను.

మా అమ్మాయి నా కళ్లలోకి చూసి, "ఐదు" అంది.

వెటకారం అనుకున్నాను. కాదు. "నాన్నా, నువ్వసలు ఆ ఎపిసోడ్ చివరిదాకా చూశావా?" అంది. చూశానన్నాను. "లేదు. చూస్తే అలా అడగవు" అని, నెట్‌ఫ్లిక్స్‌లో పాత సిరీస్ తీసి, 'చెయిన్ ఆఫ్ కమాండ్' రెండో భాగం చివరికి జరిపి నా చేతిలో పెట్టింది.

పికార్డ్ నాలుగే అని అరిచాడు. నా ఒళ్లు ఎప్పటిలాగే జలదరించింది. తెనాలిలో కరెంటు పోయిన చోటు అది. కానీ ఎపిసోడ్ అక్కడ అయిపోలేదు. ఇంకో సీన్ ఉంది. పికార్డ్ ఓడకి తిరిగొచ్చాడు, శుభ్రంగా యూనిఫాం వేసుకున్నాడు. మనసుల సంగతి చూసే ట్రాయ్‌తో, గొంతు తగ్గించి, తన రిపోర్టులో రాయని ఒక మాట చెప్పాడు. చివరికొచ్చేసరికి తను ఏం చెప్పమన్నా చెప్పేసేవాడినని. అంతకన్నా ఘోరం, తనకి నిజంగానే ఐదు లైట్లు కనబడ్డాయని.

అంతే. తెర చీకటి.

పాతికేళ్లుగా నేను ఒక సగం కథని నెత్తిన పెట్టుకుని తిరిగాను. దాన్ని చూపించే కొత్తదాన్ని తిట్టాను. పికార్డ్ లొంగనివాడు, పాత స్టార్‌ట్రెక్ వెలుగే వెలుగు అని తమ్ముడితో నెలలు వాదించాను. ఆ వెలుగులో కొంత మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పుణ్యం.

"ఇదెప్పుడు చూశావు?" అన్నాను. ఐదో ఎపిసోడ్ సంగతి చూసిన వారం తర్వాతట. అప్పుడు ఒక్కొక్కటే చెప్పింది. నేను టీవీ కట్టేసిన రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. సగంలో ఆగిపోవడం వల్ల ఆ పిల్లాడికి ఏమైందో తెలియలేదు. కళ్లు మూసుకుంటే ఆ కుర్చీయే. మూడు రాత్రులు గదిలో లైటు వేసుకుని పడుకుంది. మా ఆవిడ చదువుకుంటోంది అనుకుంది. నాలుగో రోజు, ఇక భరించలేక, మిగతాది చూసేసింది. సెవెన్ ఆ పిల్లాడి కోసం ఏడ్చినప్పుడు కొంచెం నయమనిపించిందట. ఆ ఎపిసోడ్ చివర్లో సెవెన్, పికార్డ్ మాట్లాడుకుంటారు. ఇద్దరూ ఒకప్పుడు బోర్గ్ చేతిలో పడినవాళ్లే. మళ్లీ పూర్తిగా మనిషివయ్యావా అని ఆమె అడిగితే, పూర్తిగా కాలేదని పికార్డ్ ఒప్పుకుంటాడు. పికార్డ్‌కి దయ మీద ఉన్న నమ్మకం చెడగొట్టడం ఇష్టం లేక, సెవెన్ ఆయన ముందు మంచిగా వీడ్కోలు చెప్పి, చాటుగా వెనక్కి వెళ్లి పగ తీర్చుకుంటుంది. "ఆమె ఆయనకి చెప్పలేదు నాన్నా. నేను కూడా నీకు చెప్పలేదు" అంది మా అమ్మాయి.

నాకేమనాలో తెలియలేదు. భయమేస్తే నన్నెందుకు లేపలేదమ్మా అన్నాను. "పెద్దవాళ్లది అన్నావు కదా. లేపితే చూసినందుకు తిడతావనుకున్నా" అంది.

ఆ సీన్ పన్నెండేళ్ల పిల్ల చూడాల్సింది కాదు. ఆ మాట నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అంత రక్తం చూపించకుండా ఆ బాధ చెప్పొచ్చని కూడా అంటాను. నాలుగు లైట్లతో చెప్పినవాళ్లే కదా వీళ్లు! ఆ రోజు అంకె చూడకపోవడం నా తప్పు. ఇప్పుడైతే 2021 ఫిబ్రవరి ఐటీ నిబంధనల వల్ల ఓటీటీల్లో ప్రతిదానికీ యూ, యూఏ 7, 13, 16, ఏ అని స్పష్టంగా వేయాలి. 13 దాటినవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలి. మీ ఇంట్లో ఆ పిన్ పెట్టుకోకపోతే పెట్టుకోండి. పిల్లల పుట్టినరోజు మాత్రం పెట్టకండి. మా ఇంట్లో అదే పెట్టాను, చిన్నాడు రెండో ప్రయత్నంలో కనుక్కున్నాడు. అయితే టీవీ కట్టేశాక నేను చేయాల్సిన పని ఒకటి మిగిలింది, ఫోన్ పక్కన పెట్టి ఆ పిల్ల వైపు తిరగడం. అది ఏ పిన్ చేసిపెట్టదు.

ఆ సాయంత్రం నాన్నగారికి ఫోన్ చేశాను. లాక్‌డౌన్‌లో ఆయన తెనాలిలో ఒక్కరే. విషయమంతా చెప్పి, "ఆ రోజు కరెంటు పోయింది చూడండి, తర్వాత ఇంకో సీన్ ఉందట" అన్నాను.

"తెలుసురా" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం అదే ఎపిసోడ్ మళ్లీ వేశారట. ఆయనకి ఆ రోజు క్లాసులు లేవు. నేను స్కూల్లో ఉన్నాను. ఒక్కరే కూర్చుని చూశారు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

చాలాసేపు మాట్లాడలేదు. లైన్ పోయిందేమో అనుకున్నాను. "డాబా మీద అంత సంబరంగా చెప్పావు, చివరిదాకా లొంగలేదని. నీకప్పుడు పద్నాలుగేళ్లు. ఎందుకులే అనుకున్నా. తర్వాత చెబుదాం అనుకున్నా. తర్వాత నువ్వు ఇంటర్, ఇంజినీరింగ్, ఉద్యోగం..." అని ఆపేశారు.

ఇన్నేళ్లూ ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా ఆయనకి రెండో జవాబు తెలుసు. ప్రోగ్రెస్ కార్డు దాచినందుకు ఆయన నన్ను ఒక్క దెబ్బ కూడా ఎందుకు కొట్టలేదో, లైట్లు ఎన్నిరా అని అడిగి నేను నీళ్లు నములుతుంటే ఎందుకు అంతసేపు ఓపికగా ఆగేవారో, ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. చెప్పనందుకు కొంచెం కోపం వచ్చింది. నా పద్నాలుగో ఏడుని కాపాడినందుకు ఏదో ఒకటి అనాలనీ అనిపించింది. రెండూ అనలేదు.

తమ్ముడితో తగువు అక్కడితో ఆగిపోయిందనుకోకండి. తర్వాత తీసినవాళ్లే దారి చూసుకున్నారు. 2021లో పిల్లల కోసం 'ప్రాడిజీ' అనే యానిమేషన్ తీశారు, 2022లో పాత ధోరణిలో హాయిగా ఉండే 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' తీశారు. 2023లో పికార్డ్ మూడో సీజన్‌కి పాత ఎంటర్‌ప్రైజ్ వాళ్లందరినీ తెచ్చి కూర్చోబెట్టారు. నాలాంటి పాతకాపులు కళ్లనీళ్లు పెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నాను. అప్పుడు తమ్ముడు ఫోన్ చేసి, "నాలుగో ఎపిసోడ్‌లో పికార్డ్ స్వయంగా అదే బూతు వాడాడు, గమనించావా? 2020లో గోల పెట్టినవాళ్లు ఒక్కళ్లూ మాట్లాడరేం?" అన్నాడు. గమనించాను. మాట్లాడలేదు. మా పాత స్నేహితులు మాకు తిరిగొచ్చారు కాబట్టి మాటలు వినబడలేదు. కాబట్టి మా గోల అంతా పిల్లల కోసమేనని చెబితే మీరు పూర్తిగా నమ్మకండి.

ఇక పోయిన నెల సంగతి. "ఏ స్టార్‌ట్రెక్?" అని అడిగిన మా అమ్మాయే తమ్ముడికి ఒక వరస తయారుచేసింది. ముందు ప్రాడిజీ. తర్వాత నెక్స్ట్ జనరేషన్‌లో ఏరిన పన్నెండు. కొత్త పికార్డ్‌కి ఎదురుగా "ఇంటర్ తర్వాత, నాతో కలిసి" అని రాసింది. నాతో అంటే ఆమెతో. నా పేరు ఎక్కడా లేదు. పన్నెండింటిలో చివరిది 'చెయిన్ ఆఫ్ కమాండ్'. అది వద్దేమో, వాడికింకా పదకొండే కదా అన్నాను. ఏ సీన్ ఎందుకు ఉందో, ఎక్కడ ఆపి వాడితో మాట్లాడాలో ఒక కాగితం మీద రాసి చూపించింది. దాంట్లో ఆ అధికారి కూతురు గదిలోకి వచ్చే సీన్ దగ్గర రెండు గీతలు గీసి ఉంది.

నాన్నగారు ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. పోయిన ఆదివారం రాత్రి నలుగురం సోఫాలో కూర్చున్నాం. నాన్నగారికి ఈ మధ్య వినికిడి తగ్గింది, అందుకని ఈసారి నేను ఆయన చెవి దగ్గర తెలుగులో చెబుతున్నాను. కూతురి సీన్ దగ్గర మా అమ్మాయి ఆపింది. చిన్నాడు, "వాళ్ల నాన్న మంచోడా చెడ్డోడా?" అని అడిగాడు. ముగ్గురం మూడు జవాబులు చెప్పాం. వాడు దేనికీ ఒప్పుకోలేదు.

చివరికి పికార్డ్ వెనక్కి తిరిగి నాలుగే అని అరిచాడు. చిన్నాడు సోఫా ఎక్కి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, "లొంగలేదు!" అని కేక పెట్టాడు. వాడి మొహం చూశాను. నా చెయ్యి దానంతట అదే రిమోట్ కోసం వెళ్లింది.

రిమోట్ నాన్నగారి ఒళ్లో ఉంది. ఆయన దాన్ని రెండో పక్కకి జరిపి పెట్టుకుని, "ఉండనీరా. ఇంకా ఉంది" అన్నారు.